గొడ్డలి కంటే ముందు కాగితం వస్తుంది



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. ఆదివారం తీరిగ్గా కూర్చుని చదవండి. చదివాక ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకూ వినిపించండి.

మన కోలారు గనుల చరిత్ర ఎవరు చెప్పినా మూడు మాటలతో మొదలవుతుంది: బంగారం, తెల్లదొరలు, సైనైడ్ దిబ్బలు. మనమూ సంఘం మీటింగుల్లో అదే చెప్పుకుంటున్నాం. అడవి మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మొన్న మన యువకులు కొందరు అడిగారు: "అన్నా, కేజీఎఫ్ చుట్టూ గుట్టలన్నీ ఇట్లా బోడిగా ఉన్నాయే, ముందునుంచీ ఇంతేనా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ ప్రశ్నే ఈ వ్యాసం రాయించింది.

ముందునుంచీ ఇంతే కాదు. మన కోలారు సీమలో మలెనాడు లాంటి దట్టమైన అడవి ఎప్పుడూ లేదు, ఆ మాట నిజమే. ఇక్కడ వాన తక్కువ, రాయి ఎక్కువ. కానీ ఎండను తట్టుకునే పొట్టి అడవి, తుప్పల అడవి గుట్టల మీదా గుట్టల పాదాల్లోనూ ఉండేది. ఊరి పక్కన చింత, కానుగ, వేప, మర్రి నాటిన గుండుతోపులు ఉండేవి. పశువులు మేసే గోమాళాలు ఉండేవి. ఇవి ఏ ఒక్కరి సొత్తూ కావు, ఊరందరివీ. ఇవి ఎట్లా పోయాయో తెలుసుకుంటే, మిగిలిన వాటిని ఎట్లా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది.

బంగారం కింద, కట్టె పైన

1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి మైసూరు రాజ్యం తూర్పు సరిహద్దు సర్వే చేస్తూ మన వైపు వచ్చాడు. మారికుప్పం, ఉరిగాం పల్లెల జనం మట్టి కడిగి బంగారు రజను తీయడం చూసి రాసిపెట్టాడు. ఆ తరువాత దాదాపు డెబ్భై ఏళ్లకు, 1871లో, లవెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు బెంగుళూరు నుంచి ఎడ్లబండి మీద వచ్చాడు. గనులు తవ్వడానికి మైసూరు ప్రభుత్వాన్ని అనుమతి అడిగాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగాక అసలు పని మొదలైంది. ఇంతవరకు మనకందరికీ తెలిసిందే.

ఆ రోజుల్లో గని ఎట్లా నడిచేదో ఒకసారి ఊహించండి. కరెంటు లేదు. లోపలికి మనుషుల్ని దించాలన్నా, రాయి పైకి లాగాలన్నా, గనిలో ఊరే నీళ్లు తోడాలన్నా, ఆ రాయిని స్టాంపు మిల్లులో పొడి కొట్టాలన్నా అన్నిటికీ ఆవిరి ఇంజన్లే. ఆవిరి కావాలంటే బాయిలర్ మండాలి. బాయిలర్ మండాలంటే బొగ్గో కట్టెలో కావాలి. బొగ్గు దూరం నుంచి రావాలి, ఖర్చు ఎక్కువ. కట్టెలు మాత్రం చుట్టుపక్కల అడవుల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేవి.

బాయిలర్ ఒక్కటే కాదు. ఇటుకలు కాల్చాలి, సున్నం కాల్చాలి. గని లోపల కప్పు కూలకుండా నిలబెట్టే సపోర్టులకు మంచి దుంగలు కావాలి. పైన బంగళాలకు దూలాలు, కిటికీలు. వీటన్నిటికంటే ముఖ్యం, పనికి వచ్చిన వేలమంది కూలీల పొయ్యిలు. 1891 లెక్కల్లో గనుల ఊరి జనం సుమారు ఏడు వేలు. పదేళ్లకు, 1901 నాటికి, సుమారు 38 వేలు. పదేళ్లలో ఒక ఊరు ఐదింతలు దాటింది! ప్రతి ఇంట్లో రెండు పూటలా ముద్ద వండాలంటే ఎన్ని మోపుల కట్టెలు కావాలో మన ఆడవాళ్లను అడగండి, చెబుతారు.

దీనికితోడు రైలు. జోలార్‌పేట నుంచి బెంగుళూరు కంటోన్మెంటుకు 1864లోనే రైలు పడింది. 1894లో బౌరింగ్‌పేట, అంటే మన బంగారపేట, నుంచి గనులకు బ్రాంచి లైను వేశారు. రైలు పట్టాల కింద స్లీపర్లు కట్టెవే. తొలినాళ్లలో చాలా ఇంజన్లు కట్టెలతో నడిచినవే. పైగా పట్టాలు పడ్డాక దూరపు అడవి కూడా దగ్గరైపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ చెట్లు దొంగతనంగా పోలేదు. మైసూరు రాజ్యంలో 1864లోనే అటవీశాఖ ఏర్పడింది. 1900లో అటవీ రెగ్యులేషన్ వచ్చింది. చట్టం ఉంది, గార్డులున్నారు, ముద్ర ఉంది. అయినా అడవి పోయింది. ఎందుకంటే ఆ శాఖకు రెండు పనులు అప్పగించారు: అడవిని కాపాడటం ఒకటి, అడవి అమ్మి ఖజానాకు ఆదాయం తేవడం రెండోది. ఒకే చేతికి తాళం, తక్కెడ రెండూ ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ముందు కంట్రాక్టు కాగితం వచ్చేది. ఆ తరువాత గొడ్డలి వచ్చేది. గొడ్డలి పట్టిన చేతులు పల్లెల్లోని పేదవాళ్లవే. కాగితం మీద సంతకం చేసిన చేతులు వేరు.

1902: దీపం వెలిగింది, పొయ్యి ఆరలేదు

30 జూన్ 1902. శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీద ప్రయాణించి మన గనులకు చేరింది. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అంత పొడుగు లైన్లు బహు కొద్ది. బెంగుళూరు నగరానికి కరెంటు వచ్చింది 1905లో. అంటే రాజధాని కన్నా మూడేళ్లు ముందు మనకు వచ్చింది! ఈ పథకం కోసం పట్టుబట్టిన దివాన్ శేషాద్రి అయ్యర్ ఆ దీపం చూడకుండానే 1901లో పోయారు.

ఇది మనం గర్వంగా చెప్పుకునే కథ. చెప్పుకోవాల్సిందే. అడవి వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో సంగతి ఉంది. కరెంటు వచ్చాక గని బాయిలర్ల ఆకలి క్రమంగా తగ్గింది. ఆ పథకం అడవి మీద ప్రేమతో పెట్టింది కాదు, ఆవిరి ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టింది. అయినా చెట్లకు మేలు జరిగింది. ఈ రోజు మనం నేర్చుకోవాల్సిన సంగతుల్లో ఇదొకటి: చెట్టును కాపాడాలంటే చెట్టు చుట్టూ కాపలా ఉంటే చాలదు, ఆ చెట్టు మీద పడే ఆకలికి ఇంకో దారి చూపించాలి.

కానీ కరెంటు కంపెనీ యంత్రాలకు వచ్చింది, కూలీ లైన్ల పొయ్యిలకు రాలేదు. మన అవ్వలు, అమ్మలు ఆ తరువాత కూడా డెబ్భై ఎనభై ఏళ్లు కట్టెల మీదే వండారు. చీకటితో లేచి గుట్టకు పోయి, ఎండుపుల్లలు ఏరి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచి వచ్చేవాళ్లు. గార్డు కనిపిస్తే మోపు పడేసి పరుగు. దొరికితే గొడ్డలి గుంజుకోవడం, అణాలో రూపాయో జరిమానా. ఈ కథలు మన ఇళ్లలో వినని వాళ్లు లేరు.

మా ఇళ్లలో అవ్వలు చెప్పిన మాట ఒకటే: పచ్చి చెట్టు జోలికి పోయేవాళ్లం కాదు, ఎండుదే ఏరేవాళ్లం, పచ్చిది మండదు కదా అని. నిజానికి అన్నిసార్లూ అట్లా జరగలేదని మనకూ తెలుసు. ఎండుది అయిపోయాక పచ్చిదీ నరికారు. మన చేతులు పూర్తిగా శుభ్రం అని చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. కానీ నెత్తి మోపుకూ బండి కంట్రాక్టుకూ తేడా ఉంది. చరిత్రలో దొంగ అని పేరు పడ్డది మాత్రం నెత్తి మోపుకే.

నీలగిరి చెట్టు వచ్చిన దారి

రెండో దెబ్బ చెట్లు నాటే పేరుతో వచ్చింది. ఇది కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి.

మన వాళ్లు నీలగిరి అని పిలిచే యూకలిప్టస్ మన దేశంలో మొట్టమొదట టిప్పు సుల్తాన్ కాలంలో నందికొండ మీద నాటారని చెబుతారు. 2007లో చిక్కబళ్లాపుర విడిపోయేదాకా నందికొండ కోలారు జిల్లాదే. అంటే ఈ చెట్టు మన జిల్లా గడప తొక్కే దేశంలోకి వచ్చిందన్నమాట. కానీ పొలాల్లోకి, గోమాళాల్లోకి వరదలా వచ్చింది 1970ల చివర, 1980ల్లో. సామాజిక అడవుల పథకం అని పేరు. వరల్డ్ బ్యాంకు డబ్బు కూడా తోడైంది. ఉద్దేశం బాగానే ఉంది: పల్లె జనానికి వంటచెరకు దొరకాలి, అసలు అడవి మీద ఒత్తిడి తగ్గాలి.

జరిగింది వేరు. రైతుకు నీలగిరి సులభం. నాటితే చాలు, పశువు తినదు, కాపలా అక్కర్లేదు, కొన్నేళ్లకు కొట్టి అమ్మితే ఒకేసారి డబ్బు. కొట్టిన మోడు నుంచి మళ్లీ చిగురు. రాగి పండిన చేలల్లో నీలగిరి లేచింది. ఆ కట్టె మాత్రం పల్లె పొయ్యిలోకి రాలేదు, కాగితం, రేయాన్ ఫ్యాక్టరీలకు లారీల్లో పోయింది. 1981లో వందనా శివ, శరత్‌చంద్ర, జయంత బంద్యోపాధ్యాయ బెంగుళూరు ఐఐఎం తరఫున చేసిన అధ్యయనం సరిగ్గా మన కోలారు జిల్లా మీదే. రాగి తగ్గిందనీ, కూలిపని తగ్గిందనీ, పేదవాడికి కట్టె దొరకలేదనీ వాళ్లు వాదించారు. దేశమంతా ఆ వాదన మీద పెద్ద చర్చ జరిగింది. కరువు వల్ల తగ్గిన పంటను కూడా చెట్టు ఖాతాలో వేశారని కొందరు అటవీ నిపుణులు ఎదురు వాదించారు. ఏమైనా, పంట కోసే కూలి పోయిన ఇళ్లకు ఆ చర్చ అక్కర్లేదు, వాళ్లకు ముందే తెలుసు.

ముప్పై అయిదేళ్లు గడిచాక, 2017లో, కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటవద్దని ఉత్తర్వు ఇచ్చింది. భూగర్భజలాలు అడుగంటడం అందుకు చెప్పిన కారణం. ఏడాది పొడవునా పారే నది లేని, బోర్ల మీదే బతికే మన జిల్లాకు ఆ ఉత్తర్వు ఎంత ఆలస్యంగా వచ్చిందో ఎండిన బోర్ల లెక్క చెబుతుంది.

కుసనూరులో ఏం చేశారు

ఇంతవరకు పోయిన కథ చెప్పాం. ఇప్పుడు నిలబెట్టుకున్న కథ. దానికోసం మన రాష్ట్రంలోనే పడమటికి పోవాలి.

8 సెప్టెంబర్ 1983న ఉత్తర కన్నడ జిల్లా శిరసి దగ్గర సాల్కాని పల్లె జనం అడవిలోకి నడిచి, కంట్రాక్టరు మనుషులు నరకబోయిన చెట్లను కౌగిలించుకున్నారు. కన్నడలో అప్పికో అంటే కౌగిలించుకో అని. పదేళ్ల క్రితం హిమాలయాల్లో మొదలైన చిప్కోకు ఇది దక్షిణాది చెల్లెలు. పాండురంగ హెగ్డే లాంటి కార్యకర్తలు ఊరూరా తిరిగి దాన్ని పెంచారు. ఈ పేరు చాలామందికి తెలుసు.

తక్కువమందికి తెలిసిన కథ ఇంకొకటి ఉంది. మనకు పనికొచ్చేది అదే. 1984లో రాష్ట్ర ప్రభుత్వం, ఒక పెద్ద ఫ్యాక్టరీ కంపెనీ కలిసి కర్ణాటక పల్ప్‌వుడ్ లిమిటెడ్ అని ఒక సంస్థ పెట్టాయి. ధారవాడ, ఉత్తర కన్నడ, శివమొగ్గ, చిక్కమగళూరు జిల్లాల్లో సుమారు 75 వేల ఎకరాల ఉమ్మడి భూమిని 40 ఏళ్లకు ఆ సంస్థకు లీజుకిచ్చేశారు. ఫ్యాక్టరీకి కావలసిన నీలగిరి అక్కడ పెంచాలని. ఆ భూములు రికార్డుల్లో బీడు, పనికిరానివి. పల్లె లెక్కలో మాత్రం అవి పశువుల మేత, పొయ్యి కట్టె, పండు, మందాకు.

ధారవాడలో ఎస్.ఆర్. హిరేమఠ్, సమాజ పరివర్తన సముదాయ వాళ్లు ఏం చేశారు? ముందు గొడవ చేయలేదు. ముందు కాగితాలు చదివారు. లీజు ఉత్తర్వు ఏమంటోంది, ఏ భూమి, ఎవరి హక్కు అని పల్లె పల్లెకు వెళ్లి చెప్పారు. 1986 చివర్లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ అర్జీలో మొదటి పేరు కన్నడ మహారచయిత శివరామ కారంత్‌ది. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. 1987 మార్చిలో కోర్టు స్టే ఇచ్చింది. ఆ తరువాత 14 నవంబర్ 1987న హానగల్ తాలూకా కుసనూరులో "పీకు, నాటు" సత్యాగ్రహం జరిగింది. సుమారు రెండు వేలమంది కూడి, ఓ వంద నీలగిరి మొక్కలు పీకి, అదే చోట పల్లెకు పనికొచ్చే చెట్లు నాటారు. వేలమంది వచ్చి వందే పీకడం చూడండి. నాశనం చేయడానికి రాలేదని, ఇది మాది అని చెప్పడానికి వచ్చామని అర్థం. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. పోరాటం ఏళ్ల తరబడి సాగింది. 1991లో ఆ సంస్థను మూసేశారు.

ఈ కథలో మనకు నచ్చింది వాళ్ల ధైర్యం ఒక్కటే కాదు, వాళ్ల వరుస. మొదట కాగితం, తరువాత ఊరు, తరువాత కోర్టు, తరువాత గడ్డపార. చాలాచోట్ల మనవాళ్లు గడ్డపారతో మొదలుపెట్టి కాగితం దగ్గర ఓడిపోతారు.

కంచ అంటే ఏమిటి

ఇప్పుడు మన భాష మాట్లాడే ఇంకో ఊరికి వద్దాం. హైదరాబాదు, కంచ గచ్చిబౌలి. టీవీల్లో, ఫోన్లలో అందరూ చూశారు.

మనం గోమాళం అంటాం, తెలంగాణలో కంచ అంటారు. పశువులు మేసే ఉమ్మడి భూమి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన అలాంటి 400 ఎకరాలు. 2000ల మొదట్లో ఒక క్రీడల కంపెనీకి ఇచ్చారు, 2006లో రద్దు చేశారు. కేసు కోర్టుల్లో నడిచి 2024లో సుప్రీంకోర్టులో ప్రభుత్వం గెలిచింది. ఈ ఇరవై ఏళ్లూ ఫైలు నిద్రపోయింది, భూమి మాత్రం నిద్రపోలేదు. చెట్లు పెరిగాయి, జింకలు, నెమళ్లు చేరాయి. 2025 మార్చి చివర్లో, ఉగాది, రంజాన్ సెలవుల్లో, కోర్టులు మూసి ఉన్న రోజులు చూసుకుని, డజన్ల కొద్దీ బుల్డోజర్లు దిగాయి.

విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. వట ఫౌండేషన్ వాళ్లు హైకోర్టులో పిల్ వేశారు. 3 ఏప్రిల్ 2025న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని పని ఆపించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాల పచ్చదనం నేలకొరిగింది. దాన్ని తిరిగి ఎట్లా పెంచుతారో చెప్పమని ప్రభుత్వాన్ని అడిగింది.

ప్రభుత్వం వాదన ఏమిటంటే ఇది అటవీ భూమి కాదు, రెవెన్యూ భూమి అని. ఇక్కడే మనకు ఒక పాత తీర్పు పనికొస్తుంది. 12 డిసెంబర్ 1996న గోదవర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: అడవి అంటే రికార్డులో అడవి అని రాసినది మాత్రమే కాదు, మామూలు అర్థంలో అడవి అనిపించేది ఏదైనా అడవే, యజమాని ఎవరైనా సరే. ఆ కేసు వేసింది నీలంబూరు కోవిలగానికి చెందిన ఒక పెద్దాయన, గూడలూరు వైపు చెట్లు కొట్టేయడం చూడలేక. ఒక్క మనిషి వేసిన అర్జీ దేశమంతటి అడవికి గొడుగయింది.

ఆ గొడుగుకు చిల్లులు పెట్టే ప్రయత్నాలూ ఆగలేదు. మన రాష్ట్రంలోనే ఇలాంటి "భావించబడిన అడవి" ఒకప్పుడు సుమారు 9.94 లక్షల హెక్టార్లని లెక్క. 2022లో దాన్ని సుమారు 3.3 లక్షల హెక్టార్లకు తగ్గించారు. ఒక్క చెట్టూ కొట్టకుండానే కాగితం మీద మూడింట రెండొంతులు అడవి కాకుండా పోయింది. గొడ్డలి కంటే ముందు కాగితం వస్తుందని మేం అనేది ఇందుకే.

మన గడప దగ్గర

ఇక మన సంగతి.

28 ఫిబ్రవరి 2001న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. నూట ఇరవై ఏళ్లలో 800 టన్నుల పైచిలుకు బంగారం ఇచ్చిన ఊరు ఒక్క రోజులో పనిలేని ఊరైంది. అప్పటినుంచి మన పిల్లలు తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగుళూరు పోయి, రాత్రికి తిరిగొస్తున్నారు. ఈ ఇరవై ఏళ్లలో కంపెనీ భూమిలో కూడా కంచ గచ్చిబౌలిలో జరిగిందే జరిగింది. మనుషులు తిరగని చోట చెట్లు లేచాయి. వాటిలో ఎక్కువ సర్కారు తుమ్మ, నీలగిరే, ఒప్పుకుంటాం. కానీ వాటి మధ్య వేప, కానుగ, చింత, రావి కూడా ఉన్నాయి. పాత బంగళాల చుట్టూ దొరలు నాటించిన పెద్ద చెట్లున్నాయి. ఆషాఢం గాలికి సైనైడ్ దిబ్బల దుమ్ము మన ఇళ్ల మీద పడకుండా కొంతైనా ఆపేవి ఆ చెట్లే. ఆ దుమ్ము ఎట్లా ఉంటుందో ఛాంపియన్ రీఫ్స్ వైపు బట్టలు ఆరేసిన ప్రతి తల్లికీ తెలుసు.

కంపెనీ పేరు మీద 12 వేల ఎకరాలకు పైగా భూమి ఉంది. అందులో మూడు వేల ఎకరాలకు పైగా పరిశ్రమల టౌన్‌షిప్‌కు ఇవ్వమని రాష్ట్రం కేంద్రాన్ని అడిగింది. 2024 జూన్‌లో 13 సైనైడ్ దిబ్బలను మళ్లీ తవ్వే ప్రతిపాదనకు రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది.

మేం ఫ్యాక్టరీ వద్దని అనడం లేదు. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాం, ఎందుకంటే రేపు ఎవరో ఒకరు "సంఘంవాళ్లు ఉద్యోగాలకు అడ్డం" అంటారు. రోజుకు ఐదారు గంటలు రైల్లో గడిపే పిల్లలున్న ఇళ్లు మనవి. ఉద్యోగం మన ఊరికి రావాలి. కానీ ఫ్యాక్టరీ ఎక్కడ, ఏ చెట్లు కొట్టి, ఏ చెరువు పైన అని అడిగే హక్కు మనకుంది. బోడి నేల వందల ఎకరాలుండగా చెట్లున్న చోటే ఎందుకని అడగాలి. బేతమంగళం చెరువుకు నీళ్లు పోయే వాలులో ఏం కడుతున్నారని అడగాలి. ఆ చెరువు నీళ్లు తాగి పెరిగిన వాళ్లం మనం.

ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. 2023లో శ్రీనివాసపుర తాలూకాలో ఇది అటవీ భూమి అని మామిడి తోటలు తొలగించారు. కాపుకొచ్చిన చెట్ల ముందు నిలబడి రైతులు ఏడ్చారు. అడవి భూమి అడవికే చెందాలనేది న్యాయమే. తరతరాలుగా సాగు చేశామనే రైతు బాధా అబద్ధం కాదు. ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడానికి మేం రాలేదు. కానీ ఆ రెండు వైపులకూ నష్టం చేసింది దశాబ్దాలపాటు ఎవరూ తెరవని రికార్డులే. హద్దు రాళ్లు ఎక్కడున్నాయో ముందే చూసి ఉంటే ఇంత దుఃఖం ఉండేది కాదు. అడవిని కాపాడే పని పేదవాడి మీద మాత్రమే పడే లాఠీ కాకూడదు. లారీ కంట్రాక్టుకూ అదే లెక్క ఉండాలి.

మనం చేయగలిగింది

చెట్టును కౌగిలించుకునే రోజు రాకుండా చూసుకోవడమే మంచిది. అందుకే సంఘం ముందు ఈ నాలుగు పనులు పెడుతున్నాం. ఏదీ పెద్ద ఖర్చు కాదు.

ఒకటి, పహణీలు తీద్దాం. మన చుట్టుపక్కల గోమాళాలు, గుండుతోపులు, చెరువు గర్భాలు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో రాసుకుందాం. రిటైరైన పెద్దలకు ఇది సరిపోయే పని. ఆఫీసు భాష వాళ్లకు వచ్చు, ఓపికా ఉంది.

రెండు, చెట్లు లెక్కపెడదాం. సెలవు రోజుల్లో పిల్లల్ని తీసుకుపోయి, పెద్ద చెట్ల చుట్టుకొలత, పేరు, చోటు రాయించి ఫోటో తీద్దాం. రేపు ఎవరైనా అక్కడ చెట్లే లేవంటే మన దగ్గర లెక్క ఉండాలి. చెట్టు పేరు తెలియకపోతే అవ్వల్ని అడగండి.

మూడు, నోటీసులు చదువుదాం. 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం చాలా రకాల చెట్లు కొట్టాలంటే వృక్షాధికారి అనుమతి కావాలి. 50కి మించి కొట్టాలంటే ప్రజలకు నోటీసిచ్చి అభ్యంతరాలు అడగాలి. గడువు కొద్ది రోజులే ఉంటుంది. గోడకు అంటించిన నోటీసును ఎవరో ఒకరు చూడాలి కదా. వీధికొకరు ఆ బాధ్యత తీసుకుందాం. కనపడిన వెంటనే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య అదీ ఒకటి వస్తే తప్పేం లేదు.

నాలుగు, నాటుదాం, కానీ చూసి నాటుదాం. జూన్ ఐదున మొక్క నాటి ఫోటో దిగి జూలైలో మరచిపోవడం మనమూ చేశాం. కానుగ, వేప, చింత, నేరేడు, రావి పది నాటి మూడేళ్లు నీళ్లు పోస్తే, వెయ్యి నాటి వదిలేసినదానికన్నా మేలు.

కుప్పం, పలమనేరు అడవులు మన కామసముద్రం అడవితో కలిసే ఉన్నాయి. ఏనుగులకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు. అటువైపు వన సంరక్షణ సమితులు, ఇటువైపు గ్రామ అరణ్య సమితులు కాగితం మీద ముప్పై ఏళ్లుగా ఉన్నాయి. కొన్ని పనిచేస్తున్నాయి, కొన్ని బోర్డు మాత్రమే. అటువైపు చుట్టాలున్నవాళ్లు అక్కడ ఏం జరుగుతోందో కనుక్కుని చెప్పండి. మన కథా వాళ్ల కథా వేరు కాదు.

మన తాతలు భూమి లోపలికి మూడు కిలోమీటర్లు దిగి ఎవరికోసమో బంగారం తీశారు. పైన ఉన్నదాన్ని చూసుకునే తీరిక వాళ్లకు లేదు, ఆ హక్కూ లేదు. మనకు రెండూ ఉన్నాయి. మొదట అడిగిన ఆ యువకులకు మా జవాబు ఇదే: గుట్టలు ముందునుంచీ బోడిగా లేవు నాయనా, కాగితాలు మనం చదవనందువల్ల బోడయ్యాయి. ఇకమీద చదువుదాం.

మీ ఇళ్లలో పెద్దలకు కట్టెల మోపులు, గార్డులు, తోపుల గురించి గుర్తున్నవి కింద రాయండి. ఎక్కడి తోపు, ఎప్పుడు పోయింది అని రాస్తే ఇంకా మంచిది. అన్నీ కూర్చి భద్రం చేస్తాం. తప్పులుంటే దిద్దండి.